చికిత్స ముగిసిన పిదప

పూర్వము గోదావరి సీమలో ఇంట ఎవరికైనను టైఫాయిడు జ్వరము వచ్చినచో మూడు వారములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, లంఖణములు సాగెడివి. జ్వరము విడిచిన పిదప వైద్యుడు నాడి చూచి, “రేపు పథ్యము పెట్టవచ్చును” అని చెప్పెడివాడు. ఆ మాట ఆ యింటికి పండుగ కబురు. పాత బియ్యపు అన్నము మెత్తగా వండి, బీరకాయ కూరతోనో మిరియాల చారుతోనో రోగిచేత నాలుగు ముద్దలు తినిపించెడివారు. ఇరుగుపొరుగువారు వచ్చి “గండము గడచినది” అని సంతోషించెడివారు. ఆటలమ్మ పోసినప్పుడును ఇట్లే. వేపాకు వేసి కాచిన నీటితో స్నానము చేయించిననాడు జబ్బు తీరినదని అందరికిని తెలిసెడిది. వ్యాధికి ఒక తుది దినము ఉండెడిది. ఆ దినమును గుర్తించుటకు ఒక ఆచారమును ఉండెడిది.

క్యాన్సరునకు అట్టి పథ్యపు దినము లేదు. శస్త్రచికిత్స జరిగినది, కీమోథెరపీ మందులు పూర్తి అయినవి, రేడియేషను దినములు లెక్కప్రకారము ముగిసినవి. ఆసుపత్రివారు కాగితములన్నియు కట్టగట్టి చేతికిచ్చి, “మూడు నెలలకు మరల రండి” అని పంపుదురు. “నయమైనది” అని మాత్రము స్పష్టముగా చెప్పరు. ఇంటికి వచ్చిన మనుష్యుడు రోగియా, ఆరోగ్యవంతుడా అన్నది అతనికిని తెలియదు, ఇంటివారికిని తెలియదు. ఈ నడిమి కాలమును గూర్చి, ఆ కాలమున కనబడు చిన్న గుర్తులను గూర్చి, వానిని చూచి సంతోషించుట ఎంతవరకు న్యాయమో, ఎందుకు అవసరమో, మేము ఇచ్చట కొంత వివరింపదలచితిమి.

వైద్యులు “నయమైనది” అనుటకు సంకోచించుట నిర్దయ కాదు. ఒక సెంటీమీటరు గడ్డలోనే కోట్లకొలది కణములు ఉండును. అంతకంటె చాల చిన్నవి స్కానింగు యంత్రమునకు సైతము దొరకవు. చికిత్స తరువాత పరీక్షలలో ఏమియు కనబడకపోయినను కొలది కణములు ఎచ్చటనో మిగిలియుండవచ్చును. మిగిలినవో లేవో కాలమే తేల్చవలెను. అందుచేత వైద్యులు ‘ఉపశమనము’ అను మాట వాడుదురు. పూర్తి ఉపశమనమనగా పరీక్షలలో వ్యాధి జాడ లేకుండుట. అనేక విధముల క్యాన్సరులు తిరుగబెట్టుట మొదటి రెండు మూడు సంవత్సరములలోనే ఎక్కువ. కాలము గడచినకొలది ఆ అవకాశము తగ్గుచు వచ్చును. కావుననే సాధారణముగా మొదటి రెండేండ్లు మూడు నెలలకొకసారి, ఐదేండ్లు నిండువరకు ఆరు నెలలకొకసారి, ఆపైన ఏటికొకసారి రమ్మందురు. వ్యాధినిబట్టి ఈ లెక్క కొంత మారును. రొమ్ము క్యాన్సరులో కొన్ని రకములు ఐదేండ్ల తరువాతను తిరుగబెట్టగలవు గనుక అట్టివారు మరింతకాలము కనిపెట్టుకొని ఉండవలెను.

కాలమును పుష్కరములతో లెక్కించుట గోదావరి తీరవాసులకు అలవాటు. 2003 పుష్కరములకు ఇట్లు జరిగినది, 2015 పుష్కరములకు అట్లు జరిగినది అని చెప్పుకొందురు. ఆ పన్నెండేండ్ల లెక్కలో ఐదేండ్లు సగము కూడ కాదు. కాని మూడేసి నెలలుగా లెక్కపెట్టుకొనువానికి అది చాల దీర్ఘకాలము. అంతకాలము ఒక్క మాటకొరకు ఎదురుచూచుచు కూర్చుండుట ఎవరికిని సాధ్యము కాదు. నడుమ మజిలీలు కావలెను. ఆ మజిలీలే మేము చెప్పు చిన్న గుర్తులు.

ఫిట్జ్‌హ్యూ ముల్లన్ అను అమెరికా వైద్యుడు తానే క్యాన్సరు పాలై చికిత్స పొందెను. ఆయన 1985లో ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో వ్యాసము వ్రాసి, క్యాన్సరు తరువాతి జీవితమును మూడు ఋతువులుగా విభజించెను. వ్యాధిని కనుగొని చికిత్స చేయు కాలము మొదటిది. చికిత్స ముగిసి, శరీరము బలహీనముగా ఉండగా, వ్యాధి తిరుగబెట్టునేమో అను భయముతో గడపు కాలము రెండవది. ఆ భయము చాలవరకు తగ్గి జీవితము స్థిరపడు కాలము మూడవది. మొదటి ఋతువున ఆసుపత్రి అంతయు రోగి చుట్టును ఉండును. రెండవ ఋతువున అతడు తన ఇంట తానుండును. పరీక్షించువారు లేరు, మందులు లేవు, పనిచేయు బలమును లేదు. చికిత్స జరుగుచున్నంతకాలము ధైర్యముగా ఉండినవారు అది ముగిసిన తరువాత దిగులుపడుట పలువురిలో కనబడుటకు కారణమిదియే.

వరిసాగు ఎరిగినవారికి ఈ రెండవ ఋతువును అర్థము చేసికొనుట కష్టము కాదు. ఊడ్పులైన మరునాడే చేను పచ్చగా ఉండదు. పీకి నాటిన నారు మొదట వాడి, పసుపు వన్నెకు తిరిగి, వాలిపోవును. వేరు పట్టినపిదప కొలది దినములకు తేరుకొని నిటారుగా నిలుచును. ఆ పచ్చదనమును చూచి రైతు సంతోషించును. అంతమాత్రముచేత పంట ఇంటికి వచ్చినదని చెప్పడు. నీరు కట్టుటయు, కలుపు తీయుటయు మానడు. మొక్క తేరుకొన్నదను సంతోషము ఒకటి, పంట చేతికి వచ్చినదను సంతోషము వేరొకటి. మొదటిది రెండవదానికి హామీ కాకపోయినను, అబద్ధమును కాదు. కోలుకొనుచున్న మనుష్యుని విషయమును ఇంతియే.

చిన్న గుర్తునకు వైద్యశాస్త్రమునందు ఎంత విలువ కలదో తెలుపు చరిత్ర మన డెల్టాతోనే ముడిపడియున్నది. 1895లో భీమవరమున జన్మించి, బాల్యమున రాజమహేంద్రవరమున చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసున వైద్యవిద్య ముగించి అమెరికా చేరిరి. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున ప్రవేశించిరి. వారి బృందము ఫోలిక్ ఆమ్లమును తయారుచేయు విధానమును సాధించెను; పిమ్మట ఆ ఆమ్లమునకు విరోధముగా పనిచేయు అమినోప్టెరిన్ మొదలగు మందులను రూపొందించెను. కణములు పెరుగుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. దాని పనిని అడ్డినచో వేగముగా పెరుగు రక్తక్యాన్సరు కణములు నశించునని తలంపు.

బోస్టను నగరమున సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు ఈ మందును రక్తక్యాన్సరుగల పిల్లలకు ఇచ్చి చూచెను. 1948 జూనులో ఆయన ప్రకటించిన వ్యాసము ప్రకారము చికిత్స పొందిన 16 మంది పిల్లలలో 10 మందికి మేలు కనబడెను. అంతకుముందు ఆ వ్యాధి వచ్చిన పిల్లలకు కొలది వారములో నెలలో మాత్రమే గడువు. ఇప్పుడు రక్తములోని చెడు కణములు తగ్గినవి. మంచముపట్టిన పిల్లలు లేచిరి. ఆ మేలు నిలువలేదు. కొన్ని నెలలకు వ్యాధి తిరుగబెట్టెను. “కొద్ది నెలల మేలునకు ఇంత సంబరమా?” అని ఆనాడు సందేహించినవారును కలరు. కాని ఆ కొద్ది నెలల ఉపశమనమే తరువాతి కృషికంతకును పునాది అయ్యెను. ఆ జాతికే చెందిన మెథోట్రెక్సేట్ అను మందుతో 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అను వైద్యులు గర్భసంబంధమైన ఒక అరుదైన క్యాన్సరును పూర్తిగా మాన్పగలిగిరి. నేడు సంపన్న దేశములలో పిల్లలకు సాధారణముగా వచ్చు రక్తక్యాన్సరు పదిమందిలో తొమ్మిదిమంది వరకు నయమగుచున్నది. సుబ్బారావుగారు దీనినంతయు చూడలేదు. 1948 ఆగస్టులోనే వారు న్యూయార్కున మరణించిరి. ఆ మొదటి చిన్న గుర్తును తేలికగా త్రోసివేసియున్నచో తరువాతి పెద్ద ఫలితము ఎంత ఆలస్యమై ఉండెడిదో ఊహించుకొనవచ్చును.

ఈ మెథోట్రెక్సేట్ మాత్రను నేటికిని రక్తక్యాన్సరునుండి కోలుకొనుచున్న పిల్లలకు ఇంటివద్ద ఇచ్చెదరు. ఒక హెచ్చరిక ఇచ్చట చెప్పక తప్పదు. ఈ మాత్ర వారమునకు ఒక దినము మాత్రమే ఇవ్వవలసినది. దానితోపాటు ఇచ్చు మరియొక మాత్రను దినమును వేయవలసి ఉండును. ఒకదానికొకటి తారుమారై మెథోట్రెక్సేటును దినమును వేసినచో ప్రాణాపాయము. “మంగళవారపు మాత్ర” అనియో “శుక్రవారపు మాత్ర” అనియో ఇంటిలో పేరు పెట్టుకొని, గోడమీది క్యాలెండరులో ఆ దినముచుట్టు సున్న చుట్టుట మంచి పద్ధతి. వారమునకొక సున్న కొట్టివేయుట పిల్లవానిచేతనే చేయించినచో అదియు వానికొక చిన్న పండుగయే.

ఇక శరీరమున కనబడు గుర్తులను ఒక్కొక్కటిగా చూతము.

అందరును మొదట కనిపెట్టునది జుట్టు. కీమోథెరపీ ముగిసిన మూడు నాలుగు వారములకు తలపై నూగువంటి వెంట్రుకలు పుట్టును. మూడు నెలలు గడచునప్పటికి ఇంచుమించుగా అంగుళము పెరుగును. మొదట వచ్చు జుట్టు పూర్వమువలె ఉండకపోవచ్చును. నిగనిగలాడు తిన్నని జుట్టు గలవారికి ఉంగరములు తిరిగి రావచ్చును. సాధారణముగా కొంతకాలమునకు అది సర్దుకొనును. మన దేశమున బోడితల వింత కాదు. తిరుపతిలోను, అన్నవరములోను తలనీలాలు ఇచ్చివచ్చినవారిని చూచి ఎవరును జాలిపడరు. చికిత్సవలన జుట్టు ఊడినవారిని మాత్రము వింతగా చూచుట ఎందులకు? పాపిట తీయగలిగిన మొదటి దినము, దువ్వెన పట్టిన మొదటి దినము, జడలో చిన్న మల్లెచెండు నిలిచిన మొదటి దినము, ఇవి ఆడువారికి సామాన్యమైన దినములు కావు.

జుట్టుకంటె నమ్మకముగా కాలమును చెప్పునది గోరు. కీమోథెరపీ మందు పడిన దినములలో గోటి పెరుగుదల మందగించును. అందువలన కొందరికి గోళ్లపై అడ్డముగా గాడులు ఏర్పడును. చేతిగోరు నెలకు సుమారు మూడు మిల్లీమీటర్లు పెరుగును. ఆ గాడి నెలనెలకు కొనవైపు జరుగుచు, ఆరు నెలలలో పూర్తిగా తొలగిపోవును. కష్టకాలము వ్రేలిమీదుగా నడచి వెడలిపోవుట కంటితో చూడవచ్చును.

నోటికి, గొంతునకు రేడియేషను పొందినవారి సంగతి వేరు. గోదావరి లంకలలో పండిన పొగాకుతో చుట్టలు చుట్టి కాల్చుట ఈ ప్రాంతమున చిరకాలమునుండి ఉన్న అలవాటు. ఉత్తరమున శ్రీకాకుళము, విశాఖపట్టణము వైపున స్త్రీలు కాలుచున్న కొనను నోటిలోపల పెట్టుకొను ‘అడ్డపొగ’ అలవాటును కలదు. నోటి క్యాన్సరులకు పొగాకు ముఖ్యకారణము. రేడియేషను తరువాత లాలాజలము తగ్గును, నోరు ఎండును, రుచులు తెలియవు. అన్నము మట్టివలె ఉన్నదని వారు విసుగుకొన్నచో అది వంట చేసినవారిపై కోపము కాదు. రుచి కొన్ని వారములనుండి కొన్ని నెలలలో క్రమముగా తిరిగి వచ్చును. లాలాజలమునకు ఏడాది, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. కొందరికి పూర్తిగా రాదు. అంతవరకు పెరుగన్నము, మెత్తని పప్పు, కొబ్బరినీరు, మాటిమాటికి గుక్కెడు మంచినీరు ఆధారములు. ఆవకాయ కొరకు తొందరపడరాదు. ఒకనాడు చారులోని ఉప్పు తెలిసెననుటయు, మరియొకనాడు పూతరేకు తీపి నాలుకకు అందెననుటయు, శ్రావణమాసపు వరదనీటితో వచ్చిన పులసచేప పులుసు వాసనకు ఆకలి పుట్టెననుటయు గొప్ప సమాచారములే. దవడకు రేడియేషను పొందినవారు ఎన్నడైనను పన్ను తీయించుకొనవలసివచ్చినచో ఆ సంగతి ముందుగా దంతవైద్యునకు చెప్పవలెను. లేనిచో దవడ ఎముక పుచ్చిపోవు ప్రమాదము కలదు.

వీరికే నోరు తెరచుట కష్టమగును. ఇంటివద్ద దీనిని కొలుచుటకు సులభమైన మార్గము కలదు: పండ్ల నడుమ తమ వ్రేళ్లు నిలువుగా ఎన్ని పట్టునో చూచుకొనుట. సామాన్యముగా మూడు వ్రేళ్లు పట్టవలెను. ఒక వ్రేలితో మొదలుపెట్టినవారు దినదినము వ్యాయామము చేసి రెండవ వ్రేలిని పట్టించగలిగినచో అది కష్టపడి సంపాదించిన గెలుపు. అన్నపు ముద్ద నోటికి పోవుటయు పోకపోవుటయు ఆ వ్రేలిమీదనే ఆధారపడియున్నది.

గొంతులోని స్వరపేటిక తీసివేయబడినవారును కలరు. వారు మెడకు ఏర్పరచిన రంధ్రముద్వారా ఊపిరి పీల్చుకొందురు. అన్ననాళముద్వారా గాలిని పలికించు సాధన వలననో, శస్త్రచికిత్సతో అమర్చిన చిన్న కవాటము వలననో వారు తిరిగి మాటలాడగలుగుదురు. ఆ కొత్త గొంతు బొంగురుగా ఉండును. అది పలికిన మొదటి మాటకు ఇంటివారు నవ్వక, ముఖము చిట్లింపక, సహజముగా బదులుచెప్పుటయే తగిన సన్మానము. వీరు గోదావరిలో మునిగి స్నానము చేయరాదు. మెడ రంధ్రముగుండా నీరు నేరుగా ఊపిరితిత్తులలోనికి పోవును. పుష్కరస్నానమైనను నీరు చల్లుకొని తృప్తి పడవలసినదే. లంకలనుండి పడవలమీద రాకపోకలు సాగించువారికి ఈ జాగ్రత్త మరింత అవసరము.

రొమ్ము క్యాన్సరునకు చంకలోని గ్రంథులు తీసివేసినప్పుడు భుజము బిగుసుకొనును. గోడకు ఎదురుగా నిలిచి, వ్రేళ్లతో గోడమీద పైపైకి ప్రాకించుట వైద్యులు నేర్పు వ్యాయామము. వ్రేలు అందినచోట బొగ్గుతో గీత గీచి తేది వేసికొన్నచో వారమువారమునకు ఆ గీతలు నిచ్చెనవలె పైకి సాగుట కనబడును. స్వయముగా జడ వేసికొనగలుగుట, దండెముమీద చీర ఆరవేయగలుగుట ఈ నిచ్చెనకు పై మెట్లు.

కొందరికి ఆ వైపు చేయి వాచును. మన డెల్టాలో వాపు అనగానే బోదకాలు గుర్తునకు వచ్చును. ఇది అది కాదు. బోదకాలు దోమకాటువలన వ్యాపించు సూక్ష్మక్రిముల జబ్బు. ఈ చేతివాపు గ్రంథులు తీసివేయుటవలన శోషరసము పారక నిలిచిపోవుటచేత కలుగునది. బోదకాలు క్రిములకు ఇచ్చు డైఇథైల్ కార్బమజీన్ మందును సుబ్బారావుగారి బృందము వెలువరించినదే. ఐనను ఈ చేతివాపునకు అది పనికిరాదు. దీనికి కట్టు కట్టుట, తగిన వ్యాయామము, చర్మమును గాయపడకుండ కాపాడుకొనుట మార్గములు. మడిలో దిగి నాట్లు వేయువారు, కొబ్బరిపీచు పని చేయువారు ఆ చేతికి గీరుకొనకుండ తొడుగు ధరింపవలెను. చేయి ఎఱ్ఱబడి వేడెక్కి జ్వరము వచ్చినచో ఆనాడే వైద్యునివద్దకు పోవలెను. వారమునకొకసారి ఒకేచోట నూలుపోగుతో చుట్టుకొలత తీసికొని, పెరిగెనో తరిగెనో వ్రాసికొనుట మేలు.

కొన్ని మందులవలన చేతుల, కాళ్ల నరములు దెబ్బతిని తిమ్మిరులెత్తును. చొక్కా గుండీలు పెట్టుకొనుట, సూదిలో దారము ఎక్కించుట కష్టమగును. ఇది నెలల తరబడి ఉండి నెమ్మదిగా తగ్గును. కొందరికి కొంత మిగిలిపోవును. బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ పిండిని పట్టి సన్నని ధారగా ముగ్గు వేయగలుగుట ఈ నరములు కోలుకొనుచున్నవనుటకు మంచి గుర్తు. ధనుర్మాసమున వంకరగా వచ్చిన గీత కనుమునాటికి తిన్ననైనచో ఆ ముగ్గు ఎంత చిన్నదైనను రథము ముగ్గుతో సమానము.

అన్నిటికంటె పలువురిని బాధించునది అలసట. ఇది నిద్రపోయినను తీరని అలసట. సోమరితనము కాదు. మంచముమీద పడియుండుటవలన అది పెరుగునే కాని తగ్గదు. మెల్లమెల్లగా నడక పెంచుకొనుట దీనికి మందు. కాలువగట్టుమీద మొదటివారము లాకులవరకు, తరువాత వంతెనవరకు, ఆ తరువాత పొరుగూరి చెరువువరకు దూరమును పెంచుకొనవచ్చును. ఇంటివారు తొందరపెట్టరాదు, “నీవు కూర్చో, నీకెందుకు” అని పూర్తిగా అడ్డుపడనురాదు. చిక్కుడుకాయలు ఈనెలు తీయుట, లెక్క చూచుట వంటి చిన్న పని అప్పగించుటయే ఉచితము. పని చేయగలిగితినను భావము కోలుకొనువానికి మంచి బలము.

శరీరపు గుర్తులను గూర్చి ఇంత చెప్పిన పిదప ఇంటివారి విషయము చెప్పవలెను. క్యాన్సరు అంటువ్యాధి కాదు. కంచము, గ్లాసు వేరుచేయుట, పక్క వేరుచేయుట, పసిపిల్లలను దగ్గరకు పోనీయకుండుట అజ్ఞానము. పూర్వము దీనిని రాచపుండు అని పిలిచి, ఆ పేరు పలుకుటకే జంకెడివారు. నేడును కొన్ని యిండ్లలో పెండ్లి సంబంధములు చెడునని వ్యాధి సంగతి దాచెదరు. దాచుటవలన కలుగు మొదటి నష్టము తిరిగి పరీక్షకు పోవుటకు సాకు దొరకకపోవుట. శుభకార్యమునకు పిలువక తప్పించుట, “పాపము” అని ఎదుటనే నిట్టూర్చుట, మూడు నెలల పరీక్ష ముందు “మరల వచ్చినదా యేమి?” అని అడుగుట, ఇవి కోలుకొనువానిని వ్యాధికంటె ఎక్కువ నలగగొట్టును. పరీక్షకు ముందు వారము నిద్రపట్టకుండుట సహజము. “భయపడకు” అను మాటకంటె “నేనును వెంట వత్తును” అను మాట ఎక్కువ పనిచేయును.

వేడుక ఎట్లు చేసికొనవలెనన్న ప్రశ్న కూడ కలదు. 1996లో అమెరికాలో ఐర్వ్ లీమోయ్న్ అను నౌకాదళాధికారి తన చికిత్స ముగిసిననాడు ఆసుపత్రిలో గంట మ్రోగించెను. పని పూర్తియైనప్పుడు గంట కొట్టుట నౌకలలోని ఆచారము. ఆ పద్ధతి తరువాత అనేక దేశముల ఆసుపత్రులకు ప్రాకినది. ఐతే ఆ గంట విని, తమకు చికిత్స ఎన్నటికిని ముగియదని ఎరిగినవారు నొచ్చుకొనుటయు కలదు. కనుక పెద్ద ఆర్భాటముకంటె ఇంటిలోని చిన్న వేడుక మేలని మా అభిప్రాయము. కొందరు సత్యనారాయణ వ్రతము చేసికొందురు. కొందరు ఇంట కృతజ్ఞతా కూడిక పెట్టుకొందురు. కొందరు కొబ్బరిమొక్క నాటుదురు. ఏది చేసినను, “ఇక జబ్బు లేదు” అను ప్రకటనగా కాక, “ఇంతవరకు వచ్చితిమి” అను సంతోషముగా చేసికొనవలెను.

ఈ భేదము మాటలకు సంబంధించినది మాత్రమే కాదు, ప్రాణమునకు సంబంధించినది. జుట్టు వచ్చినది, ఆకలి కలిగినది, ముఖము తేటపడినది, “బాగుగనే యున్నాడు గదా, మరల ఆసుపత్రి ఎందులకు?” అని మానివేయువారు పలువురు. దారిఖర్చు, కూలి నష్టము వారికి నిజమైన కష్టములే. జుట్టు పెరుగుట మందు ప్రభావము తగ్గెననుటకు గుర్తు. వ్యాధి లేదనుటకు సాక్ష్యము కాదు. ఆకలియు అట్టిదే. ఆ సాక్ష్యము పరీక్షలోనే దొరకును. వ్యాధి తిరుగబెట్టినను త్వరగా కనుగొన్నచో మరల చికిత్స చేయుటకు అవకాశము తరచుగా ఉండును. పూర్వము ఈ జిల్లాలవారు 1954లో వెలసిన మద్రాసు అడయారు క్యాన్సరు సంస్థకో, 1955లో స్థాపితమైన హైదరాబాదు మెహదీ నవాజ్ జంగ్ ఆసుపత్రికో పోవలసియుండెడిది. నేడు కాకినాడ ప్రభుత్వ వైద్యశాలయు, విశాఖపట్టణపు అగనంపూడిలో టాటా స్మారక కేంద్రమువారి హోమీ బాబా క్యాన్సరు ఆసుపత్రియు దగ్గరలో ఉన్నవి. 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమై, తరువాత పేరు మారిన ప్రభుత్వ పథకము పేదల చికిత్స వ్యయమును భరించుచున్నది. దగ్గర పరీక్షలలో ఏవి ఈ పథకము క్రిందికి వచ్చునో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలిసికొనవలెను.

కొత్తగా గడ్డ తగులుట, మానని పుండు, రక్తము పడుట, మూడు వారములకు తగ్గని దగ్గు లేక గొంతు బొంగురు, కారణము లేక బరువు తగ్గుట, ఒకేచోట విడువని నొప్పి కనబడినచో మూడు నెలల గడువుకొరకు ఆగరాదు. పొగాకు, ఖైనీ, గుట్కా, చుట్ట ఏ రూపమునను మరల ముట్టరాదు. ఒకసారి నోటి క్యాన్సరు వచ్చినవారికి రెండవది వచ్చు అవకాశము ఇతరులకంటె ఎక్కువ. పొగాకు మానుట ఆ అవకాశమును తగ్గించును. చుట్ట ముట్టని నెలలను కూడ గుర్తులలో లెక్క వేసికొనవచ్చును.

ఇందులకు కావలసిన సామగ్రి చాల తక్కువ. పిల్లల బడిపుస్తకమువంటి ఒక చిన్న నోటుపుస్తకము చాలును. ఒక పుటలో బరువు, నడచిన దూరము, నోటిలో పట్టిన వ్రేళ్లు, గోడమీది గీత, చేతి చుట్టుకొలత. ఎదుటి పుటలో తెలిసిన రుచి, చేసిన పని, నిద్రపట్టిన రాత్రి. మూడు నెలలకు వైద్యునివద్దకు పోవునప్పుడు దానిని వెంట తీసికొనిపోవలెను. “ఎట్లున్నది?” అని ఆయన అడిగినప్పుడు “ఏదో ఉన్నాను” అను సమాధానముకంటె ఆ పుటలు ఆయనకు ఎక్కువ తెలుపును. నిరాశ కలిగిన రాత్రి వెనుకకు త్రిప్పి చూచుకొన్నచో రోగికిని తెలుపును; నిన్నటికి నేటికి భేదము కనబడకపోవచ్చును కాని, మూడు నెలల క్రిందటి పుటకు నేటి పుటకు భేదము కనబడును.

వ్యాధి పూర్తిగా పోనివారును, పోదని తెలిసినవారును మనలో కలరు. వారి నోటుపుస్తకమునకును రెండవ పుట ఉండవలెను. నొప్పి తగ్గి నిదురించిన రాత్రి, మనుమనితో అరుగుమీద కూర్చున్న సాయంకాలము, నోటికి హితముగా తోచిన రెండు ముద్దలు వారికిని గుర్తులే. ఆ సంతోషము రేపటిని గూర్చి ఏమియు వాగ్దానము చేయదు. నేటిని గూర్చి మాత్రము నిజము చెప్పును. ఆ నిజమును వ్రాసియుంచుకొనుటకు ఎవరికిని సంకోచము అక్కరలేదు.